గాల్లో ఆగిన విమానం

పోయిన వారం మా షాపు ముందు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో పాత బస్సు డ్రైవరు సీటు, మూడు మానిటర్లు, ఇనుప చట్రానికి బిగించిన పెడళ్ళు, రెండు అట్టపెట్టెల నిండా వైర్లు ఉన్నాయి. సీటు తప్ప అదంతా నేను అమ్మిన సామానే. ఆటో వెంట వచ్చిన మనిషి అది కొన్న పెద్దాయన బావమరిది.

"మా బావగారు పోయారండి. నిద్దట్లోనే పోయారు. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇదంతా మీకు ఇచ్చేసి రమ్మంది మా అక్క" అన్నాడు.

ఎవరికైనా అమ్మిపెట్టమంటారా అని అడిగితే, "మీ ఇష్టమండి. మాకు దీంతో ఏం పని?" అన్నాడు. సామాను దింపించుకున్నాను. ఆ రోజు నాకు ఇంకో పని సాగలేదు.

బందరులో నాది చిన్న కంప్యూటర్ల షాపు. రొయ్యల చెరువుల గట్ల మీద కెమెరాలు బిగిస్తాం, కాలేజీ పిల్లలకు లాప్‌టాప్‌లు అమ్ముతాం, మొరాయించిన ప్రింటర్లు బాగుచేస్తాం. నాకు కాస్త నోటి దురుసు. ఊరికే అదీ ఇదీ చూపించమని కూర్చునేవాళ్ళు నా దగ్గర ఎక్కువసేపు నిలవరు. ఆయన మాత్రం నా మాటలన్నీ పడి, మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఆయన పేరు ఇక్కడ రాయను. నాగాయలంక వైపు ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. బతికుండగా ఇంట్లోవాళ్ళతో కూడా పంచుకోని మాటను ఊరందరి నోళ్ళలో పెట్టడం నాకు ఇష్టం లేదు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని.

మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. మా షాపులోకి ఎవరూ అలా రారు. సముద్రం మీద బతికిన కుటుంబం ఆయనది. తర్వాత ఐసు ఫ్యాక్టరీ పెట్టి కుదురుకున్నారు. ఖద్దరు చొక్కా, మోచేతి దాకా మడిచిన చేతులు, మెడలో తువ్వాలు. నిలబడే అడిగారు.

"విమానం నడిపే కంప్యూటర్ కావాలమ్మా. ఇంట్లో కూర్చుని నడిపేది. ఉంటుందంటగా?"

"ఉంటుందండీ. మనవడికా?"

"నాకేనమ్మా."

నేను నవ్వేశాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. షోకేసులో ఉన్న జాయ్‌స్టిక్ ఒకటి తీయించి, అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. "గాలికి కొట్టుకుపోయేట్టుందమ్మా ఇది" అని తిరిగి పెట్టేశారు. ఏ వస్తువు చూపించినా ఆయన ముందు చేసే పని అదే. మౌసుని కూడా అలాగే తూచేవారు. తర్వాత అడిగే ప్రశ్న కూడా ఒకటే. "ఉప్పుగాలికి ఆగుతుందా?" కంపెనీవాళ్ళు అది రాయరు బాబాయ్ గారూ అంటే, "వాళ్ళు సముద్రం చూసి ఉండరు" అనేవారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, కుడి చెయ్యి తలకంటె ఎత్తుకు ఎత్తి, అరచెయ్యి విప్పి చూపించేవారు. నేను కూడా చెయ్యెత్తేదాకా కదిలేవారు కాదు. బస్సులో వెళ్తూ కిటికీలోంచి కూడా అంతే. ఎలక్షన్లలో నిలబడుతున్నారా అని ఒకసారి వేళాకోళం చేశాను. అప్పుడు చెప్పారు. సముద్రం మీద ఒక పడవ ఆపదలో ఉంటే, దాన్ని చూసిన పడవవాళ్ళు చెయ్యెత్తుతారట. చూశామని అర్థం. వాళ్ళ దగ్గర తాడు లేకపోయినా, నూనె లేకపోయినా, చెయ్యెత్తి వెళ్ళిపోయారంటే ఎవరినో ఒకరిని పంపిస్తారన్నమాటే. అప్పుడు ఇవతలి వాళ్ళు ఉన్నచోటనే కనిపెట్టుకుని ఉండాలి. "చెయ్యెత్తితే మాట ఇచ్చినట్టేనమ్మా" అన్నారు.

ఆ రోజే నేను ఉండబట్టలేక అడిగాను. ఈ వయసులో ఈ విమానం పిచ్చి ఏమిటి బాబాయ్ గారూ, ఈ డబ్బుతో హాయిగా నిజం విమానమే ఎక్కి నాలుగు ఊళ్ళు తిరిగి రావచ్చుగా అని. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పారు.

దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన చిన్నపిల్లవాడు. నీళ్ళు ఇంట్లోకి రాగానే వాళ్ళమ్మ ఆయన్నీ అక్కనీ తుమ్మచెట్టు ఎక్కించింది. అమ్మ ఎక్కలేకపోయింది. తెల్లవారేసరికి ఊరు లేదు. తుమ్మముళ్ళు ఒళ్ళంతా దిగబడ్డాయి, తాగడానికి చుక్క లేదు, కిందంతా నీళ్ళు. ఆ స్థితిలో ఉండగా విమానం వచ్చింది. అక్క ఓణీ విప్పి ఊపింది. విమానం వాళ్ళ ఎదురుగా ఆగింది. అద్దంలో ఒక మనిషి మొహం కనపడింది. ఆ మొహం వీళ్ళ వైపే చూసింది. తిండి పొట్లాలు పడ్డాయి, అవి అందనంత దూరంలో నీళ్ళలో పడ్డాయి. విమానం వెళ్ళిపోయింది.

"వాడు చెయ్యెత్తలేదమ్మా" అన్నారు.

పడవల మధ్య పెరిగిన పిల్ల ఆ అక్క. చెయ్యెత్తని మనిషి చూడలేదనే అనుకుంది. 'మనల్ని చూళ్ళేదురా. ఇంక ఎవరూ రారు. నువ్వు చెట్టు వదలమాక, నేను కట్టదాకా ఈది మనిషిని తీసుకొస్తా' అని దిగింది. ఆమెకు ఈత బాగానే వచ్చు. ఆ సాయంత్రానికే పడవ ఒకటి నేరుగా ఆ చెట్టు దగ్గరికి వచ్చింది. పడవలోవాళ్ళు ఆయన్ని దించుతూ, 'విమానం వాళ్ళు ఇద్దరు పిల్లలున్నారని చెప్పారే, రెండో పిల్ల ఏదిరా?' అని అడిగారు. అక్క మళ్ళీ కనపడలేదు.

"చూశాడమ్మా వాడు. ఇద్దరమని లెక్క కూడా పెట్టుకున్నాడు. చెయ్యి ఎత్తుంటే అక్క దిగేది కాదు. ఎందుకెత్తలేదో నాకు తెలియాలి. వాడి కుర్చీలో కూర్చుని చూస్తేగాని తెలీదు."

ఆ తర్వాత నేను వేళాకోళం మానేశాను. నాకు తెలియని పని అని చెప్పి పంపెయ్యాలని కూడా అనిపించలేదు. నిజానికి ఇలా ఇంట్లో కూర్చుని విమానం నడిపే సిమ్యులేటరు అప్పటిదాకా నేను ఒక్కటి కూడా కట్టలేదు. ఇంట్లో కాక్‌పిట్‌లు కట్టుకునేవాళ్ళ గుంపు ఒకటి ఇంటర్నెట్టులో ఉంటే అందులో చేరాను. వాళ్ళను అడిగి అడిగి విసిగించాను.

ముందు సాఫ్ట్‌వేరు తేలాలి. రెండు రకాలు తెచ్చి షాపులోనే చూపించాను. మొదటిది కన్నులపండువగా ఉంటుంది. ఉపగ్రహం తీసిన ఫొటోలతో భూమినంతా పరిచేశారు. అవనిగడ్డ దాటి కిందికి వెళ్తే నాగాయలంక కనపడింది, రొయ్యల చెరువులు ఎండకు మెరుస్తూ కనపడ్డాయి, ఆయన ఫ్యాక్టరీ రేకులు కూడా కనపడ్డాయి. ఆయన కాసేపు చూసి తల అడ్డంగా ఊపారు. రెండోదాంట్లో దివిసీమ అంటే ఒట్టి పచ్చరంగు, మధ్యలో నీలం గీత. కాని అది గాలి ఎంత ఉంది, యంత్రం బరువు ఎంత, రెక్క మీద ఏం జరుగుతోంది అన్నది లెక్కకట్టి నడుపుతుంది. మనం తప్పు చేస్తే క్షమించదు. ఈ తేడా చెప్పాను.

"ఇదే ఇవ్వు. అందం వద్దు, అబద్ధం చెప్పనిది కావాలి" అన్నారు.

హార్డ్‌వేరు దగ్గర నేను ఆయన మాటనే నమ్ముకుని వెళ్ళాను. విమానం అన్నారు కనుక విమానానికి కావలసినవే తెప్పించాను. బరువైన లోహంతో చేసిన స్టీరింగు, ఇంజను పెంచి తగ్గించే లీవర్లు, కాళ్ళకు పెడళ్ళు, ఎదురుగా ఒకటి, అటూ ఇటూ ఒక్కొక్కటి మానిటరు. స్టీరింగుని చేతిలో పట్టుకుని చూసి మొదటిసారి తృప్తిగా తలూపారు. సీటు మాత్రం నన్ను కొననివ్వలేదు. ఆటలవాళ్ళ కోసం చేసే ఎర్రచారల కుర్చీ చూపిస్తే, "ఇందులో కూర్చుంటే నిద్దరొస్తుంది" అన్నారు. గుడివాడలో పాత బస్సులు విప్పేచోట వెతికి డ్రైవరు సీటు తెచ్చుకున్నారు.

నాగాయలంకలో వాళ్ళ మేడమీది గదిలో బిగించాం. ఎగరడం నేర్చుకోవడానికి ఆయనకు పెద్దగా కాలం పట్టలేదు. ఒకరోజు నన్ను పిలిచి చూపించారు. విమానాన్ని తిన్నగా పెట్టి, స్టీరింగు మీంచి కుడి చెయ్యి తీసి పైకెత్తారు. విమానం అలాగే హాయిగా పోతోంది.

"చూశావా? తియ్యొచ్చు. ఎత్తొచ్చు" అన్నారు.

ఆయన మొహం రాయిలా అయిపోయింది. కింద వాళ్ళావిడ నాకు మజ్జిగ ఇస్తూ, "పైన కూర్చుని ఎవరినో తిడతన్నారమ్మా ఈమధ్య. ఎప్పుడూ ఒకర్ని మాట అనే మనిషి కాదు" అన్నారు. ఆమెకు ఉప్పెన సంగతి తెలుసు, అక్క సంగతి తెలుసు. చెయ్యెత్తని మనిషి సంగతి మాత్రం తెలియదు. బస్సులో తిరిగి వస్తుంటే నాకు బాధేసింది. ఇన్నాళ్ళూ అనుమానంగా ఉన్నదాన్ని రుజువు చేసి ఇచ్చింది నేనమ్మిన సామానే కదా అనిపించింది.

వానలు వెనకపట్టాక ఆయన మళ్ళీ షాపుకి వచ్చారు. చెప్పులు విడిచి, స్టూలు మీద కూర్చున్నారు. తర్వాత ఫిర్యాదు చేశారు.

"నీ విమానం ఆగట్లేదమ్మా."

"ఆగట్లేదంటే? బ్రేకులా?"

"గాల్లో. చెట్టు దగ్గరికొచ్చి ఆపుదామంటే ఆగట్లేదు. వేగం తగ్గిస్తే పడిపోతంది. లేకపోతే దాటిపోతంది. ఎన్నిసార్లు తిప్పినా ఇంతే."

"విమానం గాల్లో ఆగదు బాబాయ్ గారూ. ఏ విమానమూ ఆగదు."

"ఎందుకాగదు? ఆ రోజు ఆగిందిగా. మా ఎదురుగా ఆగింది. ఓణీ ఎగిరిపోయేంత గాలి కొట్టింది కిందికి."

అప్పటికి నా బుర్రకు తట్టింది. "రెక్క పైన తిరిగేదా బాబాయ్ గారూ? నెత్తిమీద?" అని అడిగాను.

"తిరుగుతుంది. ఏం? విమానమేగా?"

అది హెలికాప్టరండీ అన్నాను. ఆయన నావైపు అయోమయంగా చూశారు. ఆయనకు ఆ మాట తెలియక కాదు. టీవీలో మంత్రులు దిగేది హెలికాప్టరు. ఆ రోజు వచ్చింది మాత్రం విమానం. వాళ్ళ ఊళ్ళో చప్పుడు చేస్తూ ఆకాశం మీద పోయేదాన్ని అందరూ విమానమనే అన్నారు. పడవలోవాళ్ళు అదే అన్నారు, ఆ రాత్రి బతికి బయటపడ్డవాళ్ళందరూ అదే చెప్పుకున్నారు. పసితనంలో విన్న మాట ఆయనలో అలాగే ఉండిపోయింది. ఆ ఒక్క మాటను పట్టుకుని ఇద్దరం కలిసి తప్పు యంత్రాన్ని కట్టాం, తప్పు కుర్చీలో కూర్చుని ఆ మనిషిని దోషిని చేశాం.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. స్టీరింగు, లీవర్లు వెనక్కి వచ్చాయి. హెలికాప్టరుకి రెండు మోకాళ్ళ మధ్య నిలువు కర్ర ఒకటి ఉంటుంది, కుడిచేతికి. అది యంత్రాన్ని నాలుగు దిక్కులకూ వంచుతుంది. ఎడమచేతి పక్కన కారు హ్యాండ్‌బ్రేకు లాంటి లీవరు ఉంటుంది, పైకీ కిందికీ తీసుకెళ్ళడానికి. కాళ్ళకింద పెడళ్ళు ముక్కును తిప్పడానికి. చెయ్యి వదలగానే స్ప్రింగుతో మధ్యకు వచ్చేసే కర్ర చవకగా దొరుకుతుంది కాని, అసలు దాంట్లో అలా ఉండదని గుంపులోవాళ్ళు చెప్పారు. బరువు ఉన్న కర్రే తెప్పించాను. ఆయన తూచి, సరేనన్నారు.

నేర్చుకోవడం ఈసారి నరకమే అయింది. చుక్కాని పట్టిన చెయ్యి ఆయనది. పడవలో చుక్కాని పిడి ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది. ఇక్కడ కర్ర ఎటు వంచితే అటే పోతుంది. ఎప్పుడూ ఎదురు దిక్కుకే నెట్టేవారు. పోనీ తిరగేసి పెట్టనా, సాఫ్ట్‌వేరులో ఒక్క టిక్కు పెడితే చాలు అన్నాను. "వద్దమ్మా, వాడికి తిరగేసి లేదుగా" అన్నారు.

ఆయన అవస్థ చూడలేక, యంత్రాన్ని అదే నిలకడగా పట్టుకునే సహాయం ఒకటి సాఫ్ట్‌వేరులో ఉంటే వేశాను. హెలికాప్టరు ఒక్కసారిగా బుద్ధిమంతురాలైపోయింది. ఆయన దాన్ని గాల్లో ఆపి, చేతులు రెండూ తీసి చూశారు. అది కదల్లేదు. వెనక్కి తిరిగి నన్ను అడిగారు.

"ఇది ఆ కాలం దాంట్లో ఉందా?"

నా నోట్లో ఏదో మాట మెదిలింది కాని, అబద్ధం చెప్పనిది కావాలన్న మనిషికి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. "లేదు బాబాయ్ గారూ. ఇది కంప్యూటర్ చేస్తున్న సాయం" అన్నాను.

"అయితే తీసెయ్" అన్నారు.

గుంపులో పూర్వం హెలికాప్టర్లు నడిపిన ఉత్తరాది పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు అంతా కాదుగాని కొంత రాసి అడిగాను. నీళ్ళమీద, గాలిలో, చెట్టు ఎత్తుకు దిగి ఆపినప్పుడు నడిపేవాడికి నాలుగు అవయవాలూ ఖాళీ ఉండవని రాశారు. ఎడమచెయ్యి ఒక్క క్షణం తీయొచ్చునట. అప్పుడు కూడా కిందున్నవాళ్ళ ప్రాణం, తన ప్రాణం పణంగా పెట్టినట్టేనట. బాబాయ్ గారికి చదివి వినిపించాను. విన్నారు గాని ఒప్పుకున్నట్టు కనపడలేదు. ఎవరి మాటా ఆయనకు అక్కర్లేదు. తన చేతులతో తెలుసుకోవాలి.

ఆఖరిసారి నేను నాగాయలంక వెళ్ళింది ఒక మధ్యాహ్నం. ఉప్పుగాలికి వైరు కొసలు చిలుమెక్కాయని కబురు చేస్తే మార్చడానికి వెళ్ళాను. వాళ్ళావిడ భోజనం పెట్టారు. మేడమీదికి వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఉన్నారు. తువ్వాలు పక్కన మడిచిపెట్టి ఉంది. వైర్లు మార్చి నేను బయల్దేరబోతుంటే, "ఉండమ్మా, చూద్దువుగాని" అన్నారు.

కృష్ణ సముద్రంలో కలిసేచోట నీళ్ళ మధ్య ఒక చెట్టు మొదట్లోనే పెట్టించుకున్నారు నా చేత. మనుషుల బొమ్మలు కూడా పెట్టనా అంటే, వద్దు, చెట్టు చాలన్నారు. ఆ చెట్టు దగ్గరికి హెలికాప్టరుని తెచ్చారు. నెమ్మదిగా వేగం తగ్గించారు. కుడిచెయ్యి కర్ర మీద, ఎడమచెయ్యి లీవరు మీద, రెండు పాదాలూ పెడళ్ళ మీద ఆగకుండా కదులుతున్నాయి. అవి ఎంత కదిలితే తెరమీద యంత్రం అంత నిలకడగా ఉంది. చెట్టు ఎదురుగా ఆగింది. ఆయన నుదుటిమీద చెమట పట్టింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. నేను చెప్పకుండానే తువ్వాలు తీసి తుడిచాను.

ఆయన చెట్టువైపు చూస్తూ కుడిచెయ్యి తీశారు. తలకంటె ఎత్తుకు ఎత్తి అరచెయ్యి విప్పారు. హెలికాప్టరు ఒక పక్కకు ఒరిగింది. చెట్టు తెరలోంచి జారిపోయింది. ముక్కు కిందికి తిరిగింది, నీళ్ళు పైకి వచ్చాయి, బొమ్మ ఆగిపోయింది. ఆయన చెయ్యి ఇంకా పైనే ఉంది.

"నిన్న ఎడంచెయ్యి ఎత్తి చూశానమ్మా. కాసేపు ఆగింది. తర్వాత అదీ నీళ్ళలోకే" అన్నారు.

నడిపేవాడి పక్కన ఇంకో మనిషి ఉండి ఉండొచ్చు కదా, అతనైనా చెయ్యెత్తొచ్చు కదా అన్న ప్రశ్న నాకు ఎప్పటినుంచో ఉంది. అడగలేదు. ఆయనే అన్నారు.

"పక్కన ఇంకొకాయన ఉండే ఉంటాడు. పొట్లాలు చూసుకుంటా ఉండుంటాడు."

చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నారు.

"కోపం పోయిందా బాబాయ్ గారూ?" అని అడిగాను.

"ఆయన మీద ఏం కోపమమ్మా? అంత గాలిలో పడిపోకుండా ఆగాడు. మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు. వెళ్ళి చెప్పాడు, పడవ పంపాడు. చెయ్యెత్తినవాడు చేసే పనంతా చేశాడు ఆయన."

అప్పటిదాకా ఆ మనిషిని 'వాడు' అనే తప్ప 'ఆయన' అనడం నేను వినలేదు. వాళ్ళావిడ కింద గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఆగిపోయిన బొమ్మలోని నీళ్ళ వైపే చూస్తున్నారు. మనసు తేలికపడి ఉంటుందనుకుని నేను సంచీ భుజాన వేసుకున్నాను. అప్పుడన్నారు.

"ఈ సంగతి అక్కకి తెలీదుగదమ్మా. చూళ్ళేదనే అనుకుంటా దిగింది."